ఆ సీసాలో నీళ్ళ రంగు

మా పెద్దమామ పోయాడన్న కబురు నాకు నాగర్‌కర్నూల్‌లో అందింది. చుట్టాలింట్లో శుభకార్యం, విస్తళ్ళ ముందు కూర్చున్నాం. మా ఆయన సెల్లు మోగింది. రెండు మాటలు విని ఫోను నా చేతికిచ్చాడు. అవతల పెద్దమామ దోస్తు ఐస్ చాచా.

"బేటీ, మీ పెద్దమామ పోయిండు. పొద్దుగాల చాయ్ తీస్కొని పోయిన, ఎంత పిల్చినా లేవలే. బయల్దేరి రా. నీకొక మాట చెప్పేదుంది."

మనిషి పోయాడన్న మాటకు ఏడుపొచ్చింది. ఆ ఆఖరి మాటకు మాత్రం ఏడుపు ఆగిపోయింది. నాలుగేళ్ళుగా ఎవరో ఒకరు నాతో ఆ మాట అంటారని ఎదురుచూస్తూనే ఉన్నాను.

నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తి, అక్కడ బస్సు మారి గద్వాల. శివరాత్రి పోయిన వారం అది. బీచుపల్లి వంతెన దాటుతుంటే కృష్ణలో నీళ్ళు తగ్గి నల్లరాళ్ళు బయటపడి ఉన్నాయి. మా ఆయన కిటికీ వైపు తిరిగి ఏడుస్తున్నాడు. నేనేమో చాచాకు ఏం తెలుసు, ఎంత తెలుసు, ఎవరు చెప్పి ఉంటారు అని ఆలోచిస్తున్నాను. పోయిన మనిషిని తలుచుకోవలసిన వేళ నా తప్పును తలుచుకున్నాను. దాన్ని కూడా ఇక్కడ రాసెయ్యడమే మంచిది. పోయినవాళ్ళ గురించి రాస్తూ మనల్ని మనం మంచివాళ్ళుగా చూపించుకోవడం చాలా తేలిక.

ముందు ఆయనెవరో చెప్పాలి. పెద్దమామ అంటే మా మామకు అన్న. నేను కోడలిగా వచ్చేసరికే మా మామ లేడు. ఇంట్లో మా అత్త, మగ్గం మీద మా ఆయన, ముందు గదిలో పెద్దమామ. గద్వాలలో చీరలు నేసే ఇళ్ళకు పట్టునూలుకు రంగు వేసి ఇవ్వడం ఆయన పని. గద్వాల చీర కట్టినవాళ్ళకు తెలుసు: ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంచు రంగూ కొంగు రంగూ ఒక్కటే కావాలి. పిసరంత తేడా వస్తే కట్టుకున్న మనిషి పోల్చుకోలేకపోవచ్చు గానీ కొనే సేటు పట్టేస్తాడు. పెద్దమామ వేసిన రంగులో తేడా వచ్చిందని ఎవరూ అనగా నేను వినలేదు, ఆ ఒక్క ఏడాది దాకా.

వయసులో ఉండగా ఆయన భివండిలో రంగుల కార్ఖానాలో పదిహేనేళ్ళు చేశాడు. సెలవు రోజున బొంబాయి పోయి, ఇళ్ళల్లో పెంచుకునే సముద్రపు చేపలు అమ్మే ఒక దుకాణంలో ఊరికే నిలబడేవాడట. నిలబడీ నిలబడీ ఆ దుకాణంలో తొట్లు కడగడం మొదలుపెట్టాడు. పెద్దత్త అక్కడే జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. ఊరికి తిరిగొస్తూ ఆయన తెచ్చుకున్నవి ఒక ట్రంకు పెట్టె, సముద్రాన్ని ఇంట్లో పెట్టుకునే పిచ్చి. పిచ్చి అన్నది నా మాట కాదు, మా అత్తది. బొంబాయి దుకాణం మూతపడ్డప్పుడు ఆ యజమాని తన తొట్లలోని సముద్రపు రాళ్ళూ పువ్వులూ ఈయనకే ఇచ్చేశాడట. థర్మకోల్ పెట్టెల్లో, తడి కాగితాల్లో చుట్టుకుని రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

పెళ్ళయి అమరచింత నుంచి వచ్చి ఆ గడపలో అడుగుపెట్టిన రోజు ముందు గదంతా నీలంగా వెలుగుతోంది. మూడడుగుల అద్దాల తొట్టి. లోపల రాళ్ళు, రాళ్ళ మీద పువ్వులు. అవి చెట్టుకు పూసేవి కావు, ప్రాణమున్నవి, పగడాల జాతివి. చొక్కా గుండీలంతేసి, గుండ్రంగా, గుంపులు గుంపులుగా ఉండేవి. అంచులు పచ్చగా, నడుమ నారింజ రంగు. పొద్దున దీపం వేస్తే విచ్చుకునేవి, ఆర్పితే ముడుచుకునేవి. తోలు మడతల్లాంటివి ఇంకొన్ని, వేళ్ళలాగా ఊగేవి ఇంకొన్ని. వాటి మధ్య తెల్ల పట్టీల నారింజ చేపలు రెండు, అద్దానికి అతుక్కుని నత్తలు. నేను సముద్రం అప్పటికీ చూడలేదు, ఇప్పటికీ చూడలేదు. నాకు తెలిసిన సముద్రం ఆ మూడడుగులే.

"నేనేసే రంగు పట్టు మీద కూసుంటది. గిది లోపల్నుంచి వస్తది. ఎన్ని నీళ్ళల్ల ఉన్నా దిగదు," అనేవాడు. రంగు దిగిపోతుందేమోనని బతుకంతా భయపడ్డ మనిషి కదా, దిగని రంగును చూసి అక్కడే ఆగిపోయాడు.

ఆ తొట్టికి ఒక చప్పుడుండేది. లోపల మోటరు గుయ్‌మంటూ నీళ్ళు తిప్పుతూ ఉండేది. రెండు రోజులకే నాకది వినపడడం మానేసింది. కరెంటు పోయి అది ఆగిందంటే మాత్రం ఇంట్లో అందరం ఒక్కసారే తలెత్తేవాళ్ళం. మగ్గం ఆగేది, అత్త చేతిలో గరిటె ఆగేది. నీళ్ళు కదలకపోతే వాటికి ఊపిరాడదు. పెద్దమామ ఎక్కడున్నా వచ్చి, పాత లారీ బ్యాటరీకి చిన్న గాలి మోటరు తగిలించి, అద్దంలోకి చూస్తూ కూర్చునేవాడు. ఆ కాసేపు ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు. ఎందుకని అడిగితే చెప్పలేను, ఏదో జరగబోతున్నట్టు ఉండేది.

ఎండాకాలం మరీ కష్టం. మా పాలమూరు ఎండలు మీకు తెలుసు, తొట్టిలోవాటికి మన చల్లని పూట కూడా వేడే. అప్పుడు ఐస్ చాచా వచ్చేవాడు. వెనక వీధిలో చిన్న ఐసు ఫ్యాక్టరీ ఆయనది. పెద్దమామకు చిన్నప్పటి దోస్తు. మూతలు బిగించిన నీళ్ళ సీసాలను గడ్డకట్టించి, గోనెసంచిలో ఊక పోసి, సైకిల్ మీద తెచ్చేవాడు. పెద్దమామ వాటిని ఒక్కొక్కటే తొట్టిలో తేలేసేవాడు.

"మనుషులకు ఫ్యాను తిరుగుతలేదు గానీ చేపలకు ఐసు కావాల్నంట," అని అత్త వంటింట్లోంచి వినిపించేలా గొణిగేది. "భాభీ, చెమట తుడ్సుకుందామంటే వాటికి చేతుల్లేవు గద," అనేవాడు చాచా. ఈ మాట ఏటా ఒకసారైనా పడేది, అత్త ఏటా నవ్వేది.

ఆయన పద్ధతులు నాకు మొదట్లో నవ్వు తెప్పించేవి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు మోచేతి దాకా మూడుసార్లు కడుక్కునేవాడు, సబ్బు లేకుండా. సబ్బు చెయ్యి వద్దు, నూనె చెయ్యి వద్దు, రాగి చెయ్యి వద్దు అని పూజకు నియమాలు చెప్పినట్టు చెప్పేవాడు. పెరట్లో పట్టు ఉడికించే రాగి గంగాళం ఉండేది. అందులో చెయ్యి పెట్టిన రోజు ఇక తొట్టి ముట్టేవాడు కాదు. గంగాళానికి అంటుకున్న రంగు చెడ్డదని నేను అనుకున్నాను. ఆ అనుకోవడమే కొంపముంచింది.

ఉప్పు హైదరాబాదు నుంచి వచ్చేది, మనం కూరలో వేసుకునేది పనికిరాదు. రెండు నీలం డ్రమ్ముల్లో ఉప్పునీళ్ళు కలిపి ఎప్పుడూ సిద్ధంగా ఉంచేవాడు. రోజూ తొట్టిలోంచి నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం పోదు. అందుకని తగ్గినంత మేర మంచినీళ్ళే పొయ్యాలి, అద్దం మీద గీసిన గీత దాకా. దానికి వాటర్ ప్లాంటు క్యాను నీళ్ళు. పొయ్యడానికి ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ మగ్గు, తొట్టి పైన గోడకు కొట్టిన మేకుకు వేలాడేది. ఆ మగ్గును ఇంట్లో ఎవరూ ఇంకో పనికి ముట్టకూడదు.

ఆదివారం పొద్దున పరీక్ష ఉండేది. తొట్టి నీళ్ళు చిన్న గాజు సీసాలో తీసి, మందు చుక్కలు వేసి కదిపితే రంగు తిరుగుతుంది. ఆ రంగును ఒక అట్ట మీది రంగులతో పోల్చి నీళ్ళలో ఏం పెరిగిందో ఏం తగ్గిందో చెప్పేవాడు. రంగులు వేసే మనిషికి అంతకంటే తగిన విద్య ఏముంటుంది? నేను కొత్త కోడల్ని, కొంగు తల మీద కప్పుకుని తలుపు పక్కన నిలబడి చూస్తుంటే ఒక ఆదివారం సీసా నా వైపు చాపాడు.

"ఏ రంగు బిడ్డా?"

గులాబీ అన్నాను. "గులాబీలు వంద ఉంటయి. ఉల్లిపొట్టా, రాణి రంగా?" అన్నాడు. ఉల్లిపొట్టు అన్నాను. తలూపాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం నన్నే అడిగేవాడు. నాకు విద్య నేర్పుతున్నాడని పొంగిపోయాను. పుట్టింటికి పోయినప్పుడు మా అమ్మకు కూడా గొప్పగా చెప్పుకున్నాను. రెండేళ్ళయినా ఆ నేర్పడం అయిపోలేదు. ఎందుకు అయిపోలేదో నాకు తట్టలేదు.

ఒకనాడు సేటు మనిషి పట్టు లడీలు, అంటే రంగు వేసిచ్చిన నూలు చుట్టలు, తిరిగి తెచ్చి పడేసిపోయాడు. వంగపండు రంగు అంచుకు వేసినవి, నల్లగా వచ్చాయట. పెద్దమామ పెరట్లో ఎండలో నిలబడి, చేతికొక లడీ పట్టుకుని, అటూ ఇటూ చూస్తున్నాడు. నేను బట్టలు ఆరేస్తున్నాను. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, ఏది ముదురు అని అడిగాడు. కుడి చేతిలోది అన్నాను. కాకిని అడిగినా చెప్పేటంత తేడా. ఆయన లడీలు రెండూ దండెం మీద వేశాడు.

"నీలం అన్నది కనవడ్తలేదు బిడ్డా. రెండేండ్ల సంది తగ్గుకుంట వచ్చింది. ఇంట్ల చెప్పకు."

రంగులు వేసే మనిషికి రంగు కనపడటం లేదని ఊళ్ళో తెలిస్తే ఒక్క లడీ కూడా ఆ గడప తొక్కదు. మా ఆయన మగ్గం మీద వచ్చేది ఇంటికి చాలదు. అంతకు మించి, ఆయన పేరు. ఆ రోజు నుంచి గంగాళం దగ్గర నీళ్ళ చెంబు పెట్టే వంకతో నిలబడి రంగు చెప్పేదాన్ని. ఎవరికీ అనుమానం రాలేదు. నాకు నోరు కొంచెం ఎక్కువేనని మా అత్త అందరికీ చెప్పేది, ఈ ఒక్క సంగతి మాత్రం నా నోట్లోంచి బయటికి రాలేదు.

ఆ ఎండాకాలం ఆయన హైదరాబాదు పోయాడు. ఉప్పు, రంగులు తేవాలని ఇంట్లో చెప్పాడు. కళ్ళ దవాఖానకని నాకు తెలుసు. ఎనిమిది రోజులు. పోయేముందు నాకు తొట్టి అప్పగించాడు. క్యాను నీళ్ళు, మగ్గుతో, గీత దాకా, రోజుకు రెండుసార్లు. అంతే. దీపం ఎప్పుడు వెయ్యాలో, కరెంటు పోతే ఏం చెయ్యాలో చాచాకు కూడా చెప్పాడు.

మొదటి రోజు క్యాను ఎత్తి చూస్తే అడుగున పచ్చగా పాచి. ఎవరెవరు ముట్టుకున్నారో, ఎక్కడెక్కడ దొర్లిందో అనిపించింది. వంటింట్లో నా రాగి బిందె ఉంది, నా పెళ్ళికి మా అమ్మ పెట్టింది. క్యాను నీళ్ళు వడగట్టి అందులో పోసి, రాత్రంతా ఉంచి తాగడం మా పుట్టింటి అలవాటు. బాలింతకైనా, పసిపిల్లకైనా ఆ నీళ్ళే పెడతాం. శుక్రవారం చింతపండు వేసి తోమితే బిందె ధగధగలాడేది. ఇంట్లో అంతకంటే శుభ్రమైన నీళ్ళు లేవు. తాగే నీళ్ళ బిందెకూ రంగు గంగాళానికీ ఏం పోలిక? పెద్దమామ ప్రాణంగా చూసుకునే వాటికి నేను తక్కువ చెయ్యకూడదనుకున్నాను. ఎనిమిది రోజులూ ఆకుపచ్చ మగ్గును ఆ బిందెలోనే ముంచి, గీత దాకా, ఒక్క చుక్క కింద పడకుండా పోశాను. రెండోసారి శుక్రవారం వస్తే మళ్ళీ తోమాను కూడా.

ఏడో రోజు ఒక నత్త అద్దం మీది నుంచి జారి ఇసుకలో పడింది. తిరగబడి లేవలేదు. ఎనిమిదో రోజు పొద్దున దీపం వేశాను. గుండీ పువ్వులు విచ్చుకోలేదు.

మధ్యాహ్నానికి పెద్దమామ వచ్చాడు. చెప్పులు విప్పుతూనే తొట్టి వైపు పోయాడు. ఆయనకు వివరంగా కనపడకపోయినా ఏదో తేడా తెలిసింది. మూడుసార్లు చెయ్యి కడుక్కుని, ఇసుకలో తడిమి, నాలుగు నత్తలు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. వాసన చూశాడు.

"నీళ్ళు ముందు నత్తకు చెప్తయి. తర్వాత పువ్వుకు. మనకు ఆఖర్న తెలుస్తది," అన్నాడు. కోపంగా అనలేదు. తర్వాత నాతో మెల్లగా దవాఖాన సంగతి చెప్పాడు. కంటి నరం ఎండిపోతోందట. పోయిన చూపు రాదట, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేరట. చెప్పి, ట్రంకు పెట్టె తెరిచి, ఎప్పుడూ వాడని ఒక సీసా తీశాడు.

"చేపలు బాగనే ఉన్నయి. నత్తలు, పువ్వులే పోతున్నయి. రాగి ఏమన్న తగిలిందేమో చూద్దాం."

రాగి అన్న మాట వినగానే నేను వంటింటి వైపు చూశాను. గడప అవతల బిందె మెరుస్తోంది. నేను ఆ గడపకు అడ్డంగా జరిగాను. ఆయన చుక్కలు వేస్తూ, రాగి లేకపోతే నీళ్ళు తెల్లగా ఉంటాయి, ఉంటే నీలం తిరుగుతాయి అని చెప్పి, సీసా కదిపి నా మొహం ముందు పట్టాడు. నీలం! పుట్టుగుడ్డికి తప్ప ఎవరికైనా కనపడే నీలం, నిమిషం నిమిషానికీ చిక్కబడుతోంది. ఆయనకది కనపడదు.

"ఏ రంగు బిడ్డా?"

దవాఖాన కబురు ఇప్పుడే చెప్పిన మనిషి. ఆయన లోకంలో మిగిలిన ఒక్క ఇష్టాన్నీ నేను నా చేత్తో చంపాను. అత్త ఏమంటుందో, మా ఆయన ఏమంటాడో, మా అమ్మ పెట్టిన బిందెను ఎవరేమంటారో, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"తెల్లగనే ఉంది మామా."

ఆయన సీసాలో నీళ్ళు పారబోశాడు. "సరే. రాగి కాదు. మరేంది?" అన్నాడు.

ఆ తర్వాతి నాలుగు రోజులు నేను బతికినన్నాళ్ళూ మర్చిపోను. ఆయన నా మాట మీద నిలబడి మిగతా కారణాలన్నీ వెతికాడు. దీపాలు మార్చాడు. మోటరు విప్పి కడిగాడు. వేడి వల్లేమోనని చాచాతో రోజుకు రెండుసార్లు ఐసు సీసాలు తెప్పించాడు. ఉప్పు మళ్ళీ కొలిచాడు. నేను పక్కనే ఉండి అన్నీ అందించాను. పొద్దున లేవగానే ఇంకొన్ని నత్తలు. పువ్వుల మీద పల్చగా జిగురు, తర్వాత తెలుపు. గది వాసన మారింది. అత్త సాంబ్రాణి వేసింది. డ్రమ్ముల్లో మంచి ఉప్పునీళ్ళు నిండుగా ఉన్నాయి. మొదటి రోజే నేను నీలం అని ఉంటే ఆ నీళ్ళు మార్చి సగమైనా దక్కించుకునేవాడు. ఆ మాట అనడానికి నాకు నాలుగు రోజుల టైము ఉంది. రోజూ పొద్దున అందామనుకున్నాను, రోజూ సాయంత్రం రేపు అందామనుకున్నాను. బిందె మాత్రం కారుతోందని అత్తకు చెప్పి అటకెక్కించాను.

ఐదో రోజు ఆయన ఎక్కడికో పోయి గంటకు తిరిగొచ్చాడు. ఎందుకైనా మంచిది, నీళ్ళు మార్చేద్దామన్నాడు. ఇద్దరం బకెట్లతో తొట్టి మొత్తం ఖాళీ చేసి మళ్ళీ నింపాం. ఎందుకు మారుస్తున్నామో నేను అడగలేదు. అప్పటికే రాళ్ళు తాగవలసినంత రాగిని తాగేశాయి. వారంలో అన్నీ తెల్లబడ్డాయి, సున్నం గడ్డల్లాగా. ఆ తెల్లటి రాళ్ళ మధ్య చేపలు రెండూ ఏమీ ఎరగనట్టు తిరుగుతుండేవి. వాటిని చూడలేక నేను ఆ గదిలో తల వంచుకుని నడిచేదాన్ని. ఏడాది తిరిగేలోగా అవీ పోయాయి. అప్పుడు పెద్దమామ మోటరు ఆపాడు. నీళ్ళు తోడేసి, తొట్టి మీద అత్త పాత నూలుచీర కప్పాడు. ఆకుపచ్చ మగ్గు మేకుకే ఉండిపోయింది.

ఆయన నన్ను ఏమీ అనలేదు. అదే నాకు భయం. రంగుల పనికి మాత్రం నన్ను పిలవడం మానలేదు. ఇంకో రెండేళ్ళు గంగాళం దగ్గర నిలబడ్డాను. ఆ రెండేళ్ళలో ఒక్క రంగు అబద్ధం చెప్పలేదు, మీరు నమ్మినా నమ్మకపోయినా. ఒక్క లడీ తిరిగి రాలేదు. ఊళ్ళో ఆయన పేరు అలాగే నిలిచింది. తర్వాత మా ఆయనకు వనపర్తిలో చీరల దుకాణంలో పని దొరికింది. అత్త మాత్రం ఇల్లు వదలనంది. మేం సామాను ఎక్కిస్తుంటే పెద్దమామ చాచాతో, "నా కండ్లు వనపర్తికి పోతున్నయి భాయ్," అని నవ్వాడు. ఆ తర్వాత ఆయన రంగు వెయ్యలేదు. కళ్ళు బాగాలేవని అప్పుడు చెప్పాడు ఊరికి, వయసు మీద పడ్డ మనిషి చెప్పినట్టు.

పోయిన దసరాకు గద్వాల వచ్చాం. ఆయనకు ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో దాంట్లో నీడలు తప్ప లేవు. చీర కప్పిన తొట్టి పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను కింద కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నాను. గదిలో ఇంకెవరూ లేరు.

"బిడ్డా, యాదికుందా, ఆ ఎండకాలం. ఆ సీసల నీళ్ళు ఏ రంగుండె?"

ఊరికే, పాత సంగతి అడిగినట్టు అడిగాడు. తిట్టేవాళ్ళు లేరు, పోవడానికి ఇంకేమీ మిగల్లేదు. ఒక్క మాట. నీలం. అయినా నా నోరు నా మాట వినలేదు.

"తెల్లగనే ఉండె మామా."

"సరే బిడ్డా," అన్నాడు. మా బస్సు ఎన్నింటికని అడిగాడు. నాతో ఆయన ఆఖరి మాటలు అవే.

పెద్దమామ పోయిన రోజు గద్వాలలో బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జనం. మా ఆయన పరుగెత్తుకుంటూ లోపలికి పోయాడు. చాచా వాకిట్లోనే నన్ను ఆపి, పక్కకు తీసుకుపోయాడు. ఆయన గడ్డమంతా తడిగా ఉంది.

నాలుగు రోజులు పెద్దమామ నా మాట మీదే ఉన్నాడట. ఐదో రోజు మళ్ళీ మందు వేసి, ఆ సీసా జేబులో పెట్టుకుని ఐసు ఫ్యాక్టరీకి పోయాడట. చేపలు బతికి నత్తలు చచ్చాయంటే అది రాగి పనే, జర రంగు చూడు భాయ్ అన్నాడట. చాచా చూసి నీలం అని చెప్పాడు.

"నాకు కోపమొచ్చింది బేటీ, అబద్ధమెందుకు చెప్తా. ఆ పిల్లను అడుగవా అన్న. పిల్ల భయపడ్డది భాయ్, ఇప్పుడడిగితే ఇంకింత భయపడ్తది, భయం పోయినంక అడుగుత, తనే చెప్తది అన్నడు. నన్నెవ్వరికీ చెప్పొద్దన్నడు."

నేను లోపలికి కదలబోయాను. చాచా ఆగలేదు.

"మొన్న దసరా అయినంక వచ్చి కూసున్నడు. అడిగిన భాయ్ అన్నడు. ఏం చెప్పిందన్న. గదే మాట, తెల్లగనే అన్నది అన్నడు. నేను గంత భయపెట్టిన్నా భాయ్ ఆ పిల్లను, అన్నడు."

చాచా చెప్పేది అయిపోయింది. నన్ను తిడితే బాగుండేది. తిట్టకుండా కండువాతో మొహం తుడుచుకుని, లోపలికి పొమ్మన్నాడు.

పెరట్లో ఆయన్ను పీట మీద కూర్చోబెట్టారు, వెనక నుంచి ఒక మనిషి పట్టుకున్నాడు. ఒకప్పుడు గంగాళం ఉండే చోటే. స్నానానికి నీళ్ళు కావాలి. అత్త ఎప్పుడు దింపించిందో, కారడం లేదని ఎప్పుడు చూసుకుందో, అటక మీది నా రాగి బిందె నిండా నీళ్ళు పట్టి, ఏడుస్తూ నా చేతికి అందించింది. మంచి బిందె, మంచి పనికే అనుకుని ఉంటుంది. నేను దాన్ని పక్కన పెట్టేశాను. నేరుగా ముందు గదిలోకి పోయి, మేకుకున్న ఆకుపచ్చ మగ్గు తీశాను. దుమ్ము పట్టి ఉంది. సబ్బు లేకుండా మూడుసార్లు కడిగాను. చేతులు మోచేతి దాకా కడుక్కున్నాను. మూలనున్న నీలం డ్రమ్ములో అత్త వాడకానికి పట్టి పెట్టుకున్న మంచినీళ్ళు మగ్గుతో ముంచి తెచ్చి పోశాను. ఈ పిల్లకు ఏమైందని ఎవరో అన్నారు. అన్నిసార్లు లోపలికి బయటికి తిరగడం ఎందుకని ఇంకెవరో విసుక్కున్నారు. నేను ఇంకో మగ్గుకు లోపలికి పోయాను.

ఆఖరి మగ్గు పోసేటప్పుడు వంగి, ఆయన చెవి దగ్గర చెప్పాను.

"నీలం మామా. ముదురు నీలం."

నాకే సరిగ్గా వినపడలేదు. మళ్ళీ చెప్పాను.

తీసుకుపోయాక ఆడవాళ్ళం ఇల్లు కడుగుతుంటే తొట్టి మీది చీర తడవకూడదని ఎవరో తీసేశారు. అడుగున ఎండిన ఇసుక, సున్నం రంగు రాళ్ళు అలాగే ఉన్నాయి. నేను మగ్గును దాని మేకుకు తగిలించి పక్కన నిలబడ్డాను. దాని అంచు నుంచి ఒక చుక్క జారి, తొట్టి అద్దం అంచుకు టప్పున తగిలి ఇసుక మీద పడింది. ఆగి, ఇంకొకటి. పడినచోటల్లా ఇసుక నల్లబడి, కాసేపటికి మళ్ళీ తెల్లబడుతోంది. ఒకప్పుడు మోటరు ఆగినప్పుడు తలెత్తినట్టే వంటింట్లో అత్త తలెత్తి, ఆ చప్పుడేంటని అడిగింది.